చేయి మారు వేళ

(మూత్రపిండ మార్పిడి జరిగిన బాలలు పెద్దల వైద్యమునకు మారుటను గూర్చి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఎన్నుకొనబడిన విషయము వైద్యమునకు సంబంధించినది. ఐనను అది గ్రంథాలయపు అనుభవమునకు దూరమైనది కాదు. బొమ్మల పుస్తకముల కొరకు తల్లి చేయి పట్టుకొని వచ్చిన బాలుడు కొన్నేండ్లకు పెద్దల బీరువాల యెదుట ఒంటరిగా నిలుచును. ఏ పుస్తకము తీయవలెనో చెప్పువారు ఆనాడు లేకున్నచో కొంతసేపు అటునిటు చూచి వెడలిపోవును, మరల రాకపోవచ్చును. అప్పుడు గ్రంథాలయమునకు ఒక చదువరి తగ్గును. ఇట్టిదే వైద్యశాలలో జరిగినచో పోవునది తల్లియో తండ్రియో తన శరీరమునుండి తీసి యిచ్చిన మూత్రపిండము.

మూత్రపిండ మార్పిడి జరిగిన పిల్లలు పెరిగి, పిల్లల వైద్యుని వద్దనుండి పెద్దల వైద్యుని వద్దకు మారు సమయమున ఏమి జరుగుచున్నది, ఏమి జరుగవలెను అనునదే నేటి ప్రసంగ విషయము.

మూత్రపిండములు, అనగా జనులు కిడ్నీలని పిలుచునవి, వెన్నెముకకు ఇరుప్రక్కల పిడికిలి ప్రమాణమున నుండు రెండు అవయవములు. అవి రక్తమును వడియగట్టి మలినములను మూత్రముగా వెలికి పంపును. శరీరమున ఉప్పు, నీరు ఏ పాళ్లలో ఉండవలెనో నిర్ణయించును. రక్తపోటును అదుపున ఉంచుట, ఎముకలకు బలమిచ్చుట, కొత్త రక్తము ఊరుటకు తోడ్పడుట కూడ వాని పనులే. పెద్దవారిలో ఇవి చెడుటకు మధుమేహము, రక్తపోటు ముఖ్య కారణములు. పిల్లల విషయము వేరు. మూత్రమార్గమున పుట్టుకతోనే అడ్డంకి యుండుట, తల్లి గర్భమున మూత్రపిండములు సరిగా ఏర్పడకపోవుట, వంశానుగతముగా వచ్చు వ్యాధులు, మాంసకృత్తులు మూత్రమున పోవునట్టి వ్యాధులు వారియందు ప్రధానముగా కనబడును. రెండు మూత్రపిండములును పూర్తిగా చెడినప్పుడు డయాలిసిస్ యంత్రముచే రక్తమును శుభ్రపరతురు. సాధారణముగా వారమునకు మూడు పర్యాయములు, ప్రతి పర్యాయము సుమారు నాలుగు గంటలు, బాలుడు ఆ యంత్రము ప్రక్క పరుండవలెను. బడి పోవును, ఆట పోవును, ఎదుగుదల కుంటుపడును. కావున తగిన దాత లభించినచో మూత్రపిండ మార్పిడియే పిల్లలకు మేలైన మార్గమని వైద్యులు చెప్పుదురు.

ఈ చికిత్స మానవుని చేతికి వచ్చి డెబ్బది యేండ్లు దాటినది. 1954 డిసెంబరు 23 వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున జోసెఫ్ మర్రే అను శస్త్రవైద్యుడు కవల సోదరులలో ఒకని మూత్రపిండమును మరియొకనికి అమర్చెను. దానిని పొందిన సోదరుడు ఎనిమిదేండ్లు జీవించెను. మర్రేకు 1990 లో నోబెల్ బహుమానము లభించినది. వారు ఒకే పోలికతో పుట్టిన కవలలు కనుక ఒకరి అవయవమును మరియొకరి శరీరము పరాయిదిగా ఎంచలేదు. తక్కినవారి విషయమున అట్లు కాదు. శరీరపు రక్షణశక్తి రోగక్రిములను ఎదిరించినట్లే పరుల అవయవమును కూడ ఎదిరించి నశింపజేయును. ఆ శక్తిని అణచి ఉంచు మందులు క్రమముగా వచ్చినవి: 1960 దశకమున అజాథయోప్రిన్, 1980 దశకమున సైక్లోస్పోరిన్, పిమ్మట టాక్రోలిమస్. భారతదేశమున 1971 లో వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో మూత్రపిండ మార్పిడి సఫలమైనది. 1994 లో అవయవ మార్పిడి చట్టము వచ్చినది. తల్లిదండ్రులు, తోబుట్టువులు మొదలగు దగ్గరి బంధువులు దాతలు కావచ్చునని అది నిర్దేశించెను. 2011 నాటి సవరణ తాతలను, అమ్మమ్మలను, నాయనమ్మలను కూడ ఆ వరుసలో చేర్చినది. మెదడు మృతిచెందినవారి అవయవములు ఇతరులకు ఉపయోగపడుటకు తెలుగునాట జీవన్‌దాన్ అను పథకము నడచుచున్నది.

అయితే కొత్త మూత్రపిండము శాశ్వతము కాదు. బ్రతికియున్న దాత యిచ్చినది సగటున పదునైదు ఇరువది యేండ్లు, మరణించిన దాతనుండి వచ్చినది పది పదునైదేండ్లు పనిచేయునని సామాన్యమైన అంచనా. జాగ్రత్త వలన ఇది పెరుగును. అజాగ్రత్త వలన తరుగును. పదేండ్ల ప్రాయమున మార్పిడి జరిగిన బాలునికి జీవితకాలమున మరియొకటి కావలసివచ్చుట సంభవమే. మొదటిది తిరస్కరింపబడి పోయినచో రక్తమున పుట్టిన విరోధ పదార్థముల వలన రెండవదానికి పొసగు దాత దొరకుట మరింత కష్టమగును. కావున మొదటి మూత్రపిండము నిలిచిన ప్రతి సంవత్సరమును విలువైనదే.

ఒక బాలుడున్నాడనుకొందము. పదవ యేట తల్లి తన మూత్రపిండము నిచ్చినది. నాటినుండి ఉదయము ఎనిమిది గంటలకు, రాత్రి ఎనిమిది గంటలకు ఆమె చేతిలో మాత్రలు, గ్లాసులో నీరు సిద్ధముగా నుండును. టాక్రోలిమస్ వంటి మందు పండ్రెండు గంటల కొకసారి తప్పక పడవలెను. పెండ్లికి వెళ్లినను, ప్రయాణమున నున్నను ఆమె చీరచెంగున మాత్రల పొట్లము ఉండనే ఉండును. పిల్లల వైద్యశాలలో నర్సు ఆ బాలుని పేరు పెట్టి పిలుచును. చెప్పిన తేదీకి రాకున్న ఇంటికి కబురు పెట్టును. వైద్యుడు “మాత్రలు సరిగా వేసికొనుచున్నాడా?” అని అడుగును, సమాధానము తల్లి చెప్పును. బాలుడు గోడమీది బొమ్మలు చూచుచు కూర్చుండును. తాను మ్రింగునది తెల్ల మాత్రయనియు, పసుపు మాత్రయనియు వానికి తెలియును గాని వాని పేర్లు తెలియవు. తన వ్యాధి పేరు కూడ తెలియదు.

పదునెనిమిది యేండ్లు నిండినవి. పిల్లల వైద్యశాలవారు ఒక ఉత్తరము వ్రాసి యిచ్చి, ఇకమీదట పెద్దల విభాగమునకు పొమ్మందురు. అచ్చట బల్లలమీద కూర్చున్నవారిలో అధికులు తండ్రి వయస్సువారు, తాత వయస్సువారు. వైద్యునికి ఒక్కొక్క రోగితో గడుపుటకు కొద్ది నిమిషములే యుండును. ఆయన తల్లిని గాక యువకునే ప్రశ్నించును. యువకుడు తల్లి ముఖము వంక చూచును. తరువాతి పర్యాయము కళాశాల పరీక్షలని వెళ్లడు. ఎవరును కబురు పెట్టరు. మూడవ పర్యాయమునకు సిగ్గు వచ్చి వెళ్లడు. పిల్లల విభాగమువారు పెద్దల విభాగమువారు చూచుచున్నారని తలంతురు. పెద్దల విభాగమువారికి ఆ యువకుడు చిట్టాలో ఒక పేరు మాత్రమే. ఇందెవరి దుర్బుద్ధియు లేదు. ఐనను బాలుడు ఇద్దరి మధ్య జారిపోయినాడు.

ఈ వ్యాధిలోని పెద్ద మోసము ఏమనగా, మాత్ర తప్పిననాడు ఏ బాధయు కలుగదు. మరునాడును కలుగదు. వారము గడచినను యువకుడు ఆడుచు పాడుచుండును. “మాత్ర మానినను ఏమియు కాలేదు” అని శరీరము అబద్ధపు పాఠము నేర్పును. లోలోపల రక్షణశక్తి మేల్కొని మూత్రపిండమును కొరుక నారంభించియుండును. రక్తమున క్రియాటినిన్ అను పదార్థము పెరుగుట ఒక్కటే గుర్తు. అది పరీక్షకు తప్ప కంటికి కనబడదు. కాళ్లు వాచి ముఖము ఉబ్బునాటికి చాలవరకు నష్టము జరిగిపోవును.

యువకులు మాత్రలు మానుట మూర్ఖత్వము వలననే యనుట న్యాయము కాదు. స్టీరాయిడ్ మందుల వలన ముఖము గుండ్రనగును, మొటిమలు లేచును. ఎత్తు పెరుగక తోటివారి భుజముల వరకే యుండుట కొందరికి దుఃఖము. పొత్తికడుపున శస్త్రచికిత్స మచ్చ ఉండుటచే చెరువున స్నేహితులతో ఈదుటకు సంకోచము. చిన్ననాటినుండి రోగిగా బ్రతికినవానికి ఒక్కనాడైనను అందరివలె ఉండవలెనను కోరిక కలుగుట సహజము. అదియు గాక, రాబోవు కష్టమును ముందుగా ఎంచి నేటి కోరికను ఆపుకొను మెదడు భాగములు సుమారు ఇరువదియైదేండ్ల వరకు పరిపక్వమగుచునే యుండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సరిగా ఆ శక్తి మిక్కిలి కావలసిన వేళనే పాత వైద్యుని విడిచి పొమ్మనుచున్నాము.

లెక్కలు కూడ ఇదియే చెప్పుచున్నవి. అమెరికాలో బాల్యమున మూత్రపిండము పొందినవారి వివరములను పరిశీలించి 2011 లో ప్రకటించిన అధ్యయనమున, పదునేడు మొదలు ఇరువదినాలుగేండ్ల నడుమ వయస్సుననే మూత్రపిండములు ఎక్కువగా చెడుచున్నవని తేలినది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పిల్లల వైద్యులు తాము పెద్దల విభాగమునకు పంపిన ఇరువదిమంది యువజనుల సంగతి 2000 లో ప్రకటించిరి. మూడేండ్లు గడచులోగా వారిలో మూడింట ఒక వంతునకు పైగా మూత్రపిండములను పోగొట్టుకొనిరి. పంపిన వైద్యులు అట్లగునని ఊహింపనైన లేదు.

ఇక ఆక్స్‌ఫర్డు నగరపు కథ ఆశను కలిగించునది. అచ్చటి మూత్రపిండ వైద్యులు 2000 నుండి 2006 వరకు తొమ్మిదిమంది యువజనులను పాత పద్ధతిలో, నేరుగా పెద్దల విభాగమునకు చేర్చుకొనిరి. ఆ తొమ్మిదిలో ఆరు మూత్రపిండములు పోయినవి. అంతట వారు 2006 లో పద్ధతి మార్చిరి. పిల్లల వైద్యుడును, పెద్దల వైద్యుడును ఒకే గదిలో కూర్చుండి బాలుని కలిసి చూచుట ఆరంభించిరి. తెలుగింట కన్యను పంపునపుడు చేయి చేతిలో పెట్టి అప్పగించినట్లు, పాత వైద్యుడు కొత్త వైద్యునికి బాలుని ఎదుటనే అప్పగించెను. పిమ్మట యువజనులకు ప్రత్యేకమైన వైద్యదినము ఏర్పరచి, దానిని ఆసుపత్రి గోడల వెలుపల, యువకులు స్వేచ్ఛగా వచ్చు తావున జరిపిరి. ఒకే స్థితిలోని యువకులు ఒకరినొకరు కలిసికొనిరి. 2006 నుండి 2010 వరకు ఈ మార్గమున వచ్చిన పండ్రెండుమందిలో ఒక్కరి మూత్రపిండమును పోలేదు. సంఖ్య చిన్నది, పండ్రెండుమందిని బట్టి లోకమునకంతకు సిద్ధాంతము కట్టరాదు. ఐనను కొత్త మందేదియు కనుగొనకయే, మనుషులు కూర్చుండు తీరు మార్చుటచేత ఇంత భేదము కలుగుట ఆలోచింపదగినది.

2011 లో అంతర్జాతీయ మూత్రపిండ వైద్య సంఘము, అంతర్జాతీయ బాలల మూత్రపిండ వైద్య సంఘము కలిసి ఒక ప్రకటన చేసినవి. బాలుని మార్చుట పుట్టినరోజు ననుసరించి గాక వాని సిద్ధతను బట్టి జరుగవలెననియు, వ్యాధి నిలకడగా నున్న కాలముననే జరుగవలెననియు దాని సారాంశము. ఇంగ్లండులో 2016 నాటి ప్రభుత్వ వైద్య మార్గదర్శకము ఇందుకు సన్నాహము పదుమూడు లేక పదునాలుగేండ్ల వయస్సు దాటకుండ మొదలు పెట్టవలెననియు, ప్రతి బాలునికి తోడుండు వ్యక్తి ఒకరిని పేరుతో సహా నిర్ణయించవలెననియు చెప్పినది. మారుట ఒక్కనాటి పని. మారుటకు సిద్ధపడుట కొన్నేండ్ల పని.

ఆ సిద్ధపడుట ఎట్లు? మొదట బాలుడు తన వ్యాధి పేరు, మార్పిడి జరిగిన సంవత్సరము, దాత ఎవరైనదియు నేర్వవలెను. తరువాత ప్రతి మాత్ర పేరు, మోతాదు, అది ఎందుకు వేసికొనుచున్నదియు తెలిసికొనవలెను. తన క్రియాటినిన్ అంకె, రక్తపోటు అంకె పరీక్షలలోని మార్కులవలె నోటికి రావలెను. టాక్రోలిమస్ పరీక్షకు రక్తమిచ్చు ఉదయమున మాత్ర ముందుగా వేసికొనరాదనియు, రక్తమిచ్చిన పిదపనే వేసికొనవలెననియు గుర్తుండవలెను. పదునాలుగేండ్లనుండి వైద్యునితో కొద్ది నిమిషములు ఒంటరిగా మాటలాడు అలవాటు కావలెను. తల్లి యెదుట చెప్పలేని ప్రశ్నలు ఆ వయస్సున ఎన్నియో యుండును. మాత్రల డబ్బా నింపుట, మందులు అయిపోవుటకు పది దినములు ముందే తెప్పించుకొనుట, వైద్యుని తేదీ తానే వ్రాసికొనుట ఒక్కొక్కటిగా తల్లి చేతినుండి కొడుకు చేతికి రావలెను. కొత్త వైద్యుని ముఖము పాత వైద్యుని విడువకముందే చూడవలెను. మారిన పిదప మొదటి సంవత్సరము, తేదీకి రానివారిని వెదకి పిలుచు బాధ్యత ఎవరిదో ముందుగానే నిర్ణయమై యుండవలెను.

పల్లెలలో మరికొన్ని జాగ్రత్తలు అవసరము. జ్వరమని, ఒడలు నొప్పులని దుకాణమున కొను ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండమునకు హాని చేయును. ఎరిత్రోమైసిన్ జాతి మందులు రక్తమున టాక్రోలిమస్‌ను మితిమించి పెంచును. క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్ దానిని తగ్గించివేయును. పంపర పనస పండును దూరముగా నుంచుట మంచిది. పేరు తెలియని పసరు మందులు పనికిరావు. వాంతులు, విరేచనములు పట్టినచో ఆలస్యము చేయక వైద్యునికి తెలుపవలెను. ఏ ఊరి వైద్యుని వద్దకు వెళ్లినను మొట్టమొదట “మూత్రపిండ మార్పిడి జరిగినది, ఈ మందులు వాడుచున్నాను” అని చెప్పు ధైర్యము యువకునికి ఉండవలెను.

ఆడపిల్లల విషయమున మరియొక ముఖ్యాంశము కలదు. మార్పిడి జరిగిన స్త్రీ నిలకడయైన ఆరోగ్యముతో, వైద్యుల సలహాతో తల్లి కావచ్చును. అయితే మైకోఫెనొలేట్ అను మందు గర్భస్థ శిశువునకు అవయవలోపములు కలిగించును. గర్భమునకు పూర్వమే వైద్యుడు దానిని మార్చవలెను. ఈ సంగతి ఆమెకు పెండ్లికి ముందే తెలియవలెను. సంబంధము తప్పిపోవునను భయమున ఇంటివారు మార్పిడి సంగతి దాచినచో, అత్తవారింట మాత్రలు కూడ దాగి వేసికొనవలసివచ్చును. దాగి వేసికొను మాత్ర తప్పిపోవు మాత్రయే.

తల్లికొక మాట చెప్పవలసియున్నది. మూత్రపిండమిచ్చిన తల్లి, కొడుకు మాత్ర మానినాడని తెలిసినప్పుడు “నేనిచ్చినదానిని పాడుచేయుచున్నావా?” అని విలపించుట సహజము. ఆ దుఃఖమును తప్పుపట్టువారెవరు? కాని ఆ మాట విన్న కొడుకు మరునాటినుండి మాత్ర తప్పకుండ వేసికొనునని నమ్మరాదు. తప్పిన సంగతి మరల చెప్పకుండుట మాత్రము నిశ్చయము. వైద్యునికి కావలసినది తప్పు చేయని రోగి కాదు; తప్పును చెప్పుకొనగల రోగి. “ఈ వారము రెండు మాత్రలు తప్పినవి” అని భయము లేక పలుకగల యింట మూత్రపిండము ఎక్కువ కాలము నిలుచును. కనుక కొడుకు పదుమూడవ యేటనుండి తల్లి మాత్ర నోట వేయుట మాని, వాడు వేసికొనుటను చూచుచుండవలెను. పదునారవ యేట అడిగి తెలిసికొనవలెను. పదునెనిమిదవ యేట వాడు చెప్పినచో వినవలెను. ఇది చేయి విడుచుట కాదు. పట్టు సడలించుచు ప్రక్కన నడచుట.

గ్రంథాలయమునకు కూడ ఇందు పని కలదు. వైద్యశాలవారిచ్చు కాగితములు ఆంగ్లమున నుండును. వానిలోని వ్యాధి పేరు, మందుల పేర్లు, మోతాదులు, అంకెలు, వైద్యుల టెలిఫోను నంబర్లు ఒక చిన్న నోటుపుస్తకమున తెలుగు అక్షరములతో వ్రాసియిచ్చుట చదువు వచ్చినవారికి ఒక సాయంకాలపు పని. వ్రాసినది వైద్యునిచేతనో నర్సుచేతనో సరిచూపించి, ఆ పుస్తకమును యువకునికే యిచ్చి, దాచవలసినది వాడేయని చెప్పవలెను. అక్షరమునకు ఇంతకంటె గొప్ప వినియోగము అరుదు. ఆ రోగ వివరములు ఊరివారి నోట పడకుండ కాపాడుట కూడ అంతే ధర్మము.

వరి పండించు గ్రామస్థులకు ఈ విషయమును ఎవరును బోధింపనక్కరలేదు. నారుమడిలో పచ్చగా పెరిగిన నారు ఎల్లకాలము అచ్చటనే యుండరాదు. ముదిరిన నారు పొలమున సరిగా పిలక వేయదు. కనుక పీకి నాటవలసినదే. నాటుటకు ముందే పొలము దమ్ముచేసి సిద్ధముగా నుంచుదురు. నాటిన నారు కొన్ని దినములు పసుపువారి తలవాల్చును. ఆ దినములలో రైతు గట్టుమీదనుండి కదలక, నీరు తగ్గకుండ చూచుకొని, అది మూన తిరుగువరకు కాచుకొనును. పీకిన కట్టలు గట్టుమీద ఎండలో పడియున్నచో నారుమడి ఎంత మంచిదైనను, పొలము ఎంత సారవంతమైనను ఫలము లేదు. పిల్లల వైద్యశాల మంచి నారుమడి. పెద్దల వైద్యశాల మంచి పొలము. ఇందరు బాలలు వాడిపోవుచున్నది ఆ రెంటి నడుమ గట్టుమీద. అచ్చట వారిని ఒక్క దినమైనను విడిచిపెట్టకుండుటయే వైద్యుల పని, తల్లిదండ్రుల పని, ఊరి పని.